ఎలుగునోటి గుహలో నిద్ర

ఆకుల పెట్టె మూత లోపలి వైపు కొండలు బయటపడ్డాయి.

తమలపాకులు పెట్టుకునే ఆ ఇత్తడి పెట్టె ఓబులేసు ఇంట్లో తరతరాలుగా ఉంది. ఎవరూ వాడరు. అటక మీద, పగిలిన గంగాళం పక్కన, చిలుముపట్టి పడి ఉండేది. ఇంటికి సున్నం వేయిస్తూ అతని భార్య వేదవతి దాన్ని కిందికి దింపి చింతపండుతో తోమింది. నల్లటి పొర ఊడిపోయి సన్నని గీతలు మెరిశాయి. రోకళ్ళు నిలబెట్టినట్టు మూడు కొండలు, వాటి పాదాల దగ్గర మెలికలు తిరిగిన వాగు, వాగు పుట్టినచోట నోరు తెరిచిన ఎలుగుబంటి తల. ఆ నోట్లో ఒక బిందె.

ఓబులేసు ఆత్మకూరులో విద్యుత్తు శాఖ ఇంజనీరు. సన్నగా, తీగలా ఉంటాడు. వాళ్ళ వంశంలో ఒకాయన పాళెగాని కొలువులో బొక్కసానికి కాపలా ఉండేవాడని, కోట పడిపోయిన నాడు బొక్కసాన్ని నల్లమల అడవిలోకి తరలించాడని, తిరిగొచ్చేటప్పుడు ఆయన చేతిలో ఆకుల పెట్టె తప్ప ఏమీ లేదని చిన్నప్పుడు నాయనమ్మ చెప్పేది. అది కట్టుకథ అనుకుంటూ పెరిగాడు. ఇప్పుడు ఆ మూతను తువ్వాలులో చుట్టుకుని, బస్సెక్కి, నేరుగా నంద్యాలలో ఉన్న మందాకిని దగ్గరికి పరిగెత్తాడు.

మందాకిని అతని పెద్దమ్మ కూతురు. కాలేజీలో భూగోళం చెబుతుంది. యాభైకి దగ్గరపడినా భారీ శరీరంతో కొండలెక్కడంలో, గుహల్లో దిగడంలో కుర్రకారును మించిపోయేది. ఆమె తాడు పట్టుకుంటే ఉడుంపట్టే. 'మేడమ్ చేతిలో తాడుంటే యముడొచ్చి కిందనుంచి లాగినా రాదు' అని ఆమె దగ్గర తర్ఫీదైనవాళ్ళు చెప్పుకునేవారు. ఆ మాట చెవినపడ్డప్పుడల్లా మందాకిని విననట్టు నటిస్తూ లోలోపల మురిసిపోయేది.

మూతను కిటికీ వెలుగులో తిప్పి చూసి ఆమె గుక్క తిప్పుకోలేకపోయింది.

"ఇవి రోకళ్ళ కొండలురా తమ్ముడూ! నేను దూరం నుంచి చూశాను. అటువైపు ఎవరూ పోరు."

"అయితే మనం పోదామక్కా! అటవీ శాఖ అనుమతి నేను తెస్తా. రెండుమూడు రాత్రులు అడవిలో పడుకోవాల్సొస్తది, అంతేగదా?"

రాత్రులు అనే మాట వినగానే మందాకిని ముఖంలోని వెలుగు చప్పున ఆరిపోయింది. ఓబులేసు మూత వైపు చూస్తున్నాడు కాబట్టి గమనించలేదు.

ఆమెకు గురక. మామూలు గురక కాదు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిపోతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, మళ్ళీ ఆగిపోతుంది. రాత్రంతా పడుకున్నా పడుకున్నట్టుండదు. కిందటేడు విద్యార్థులతో కొండల శిబిరానికి వెళ్ళినప్పుడు ఎవరో ఆ గురకను ఫోనులో రికార్డు చేశారు. అది కాలేజీ అంతా తిరిగింది. ఒకరోజు ఆమె స్టాఫ్ రూములో అడుగుపెట్టేసరికి తోటి లెక్చరర్లు ఒకే ఫోను చుట్టూ మూగి పడీపడీ నవ్వుతున్నారు. గదిలో మోగుతున్నది తన గురకేనని గుర్తుపట్టడానికి ఆమెకు కొంచెం సేపు పట్టింది. అంతలో ఎవరో ఆపేశారు. ఎవరూ ఏమీ అనలేదు. అది ఇంకా నరకమైంది.

తర్వాత డాక్టరు పరీక్షలు చేసి సీపాప్ మిషను రాశాడు. టిఫిన్ డబ్బా అంత పెట్టె, దానికో గొట్టం, ముక్కుకు తగిలించుకునే మాస్కు. రాత్రంతా అది గాలిని లోపలికి తోస్తూ గొంతు మూసుకోకుండా చూస్తుంది. అది పెట్టుకున్న మర్నాడు మందాకిని ఎన్నో ఏళ్ళ తర్వాత తెల్లారిందన్న సంగతి ఒళ్ళంతటితో తెలుసుకుంది. కానీ ఆ మిషను సంగతి తోబుట్టువులకైనా చెప్పలేదు. చుట్టాలొస్తే బీరువాలో చీరల వెనక దాచేది.

అడవిలో కరెంటుండదు. మిషనుకు బ్యాటరీ కావాలి. ఆమె కొనడానికి వెళ్తే దుకాణం అతను అడగవలసిన ప్రశ్నే అడిగాడు.

"దేనికి మేడమ్?"

చుట్టూ నలుగురు నిలబడి ఉన్నారు. మందాకిని నాలుక దానంతటదే తిరిగింది. "కెమెరాలకు. ఛార్జింగు పెట్టుకోడానికి."

"అయితే ఇన్వర్టరుతో తీసుకోండి. ఇంట్లో ప్లగ్గులన్నీ పడతాయి."

నిజం చెప్పి ఉంటే బ్యాటరీ నుంచి నేరుగా మిషనుకు వెళ్ళే తీగ ఇచ్చి ఉండేవాడేమో. ఆమె చెప్పలేదు. అతను ఇవ్వలేదు.

*

ఎండలు ముదిరి తొలకరి ఇంకా పడని రోజుల్లో ముగ్గురూ నల్లమలలో అడుగుపెట్టారు. మూడో మనిషి ఈరమ్మ. చెంచుగూడెం మనిషి. నడివయసు దాటినా గట్టి చెట్టులా ఉండేది. రోకళ్ళ కొండలకు నీళ్ళున్న దారి ఆమెకు తెలుసు. బయల్దేరేముందే తెగేసి చెప్పింది.

"ఎలుగునోరు కాడిదాకా వస్తా. లోపలికి మాత్రం రాను తల్లీ. చీకటంటే నాకు చచ్చే బయం. చిన్నప్పటినుంచీ అంతే."

అంత బాహాటంగా, నవ్వుతూ, జుట్టుముడి బిగించుకుంటూ చెప్పింది. మందాకిని ఆమె వైపు వింతగా చూసింది.

వెదురు పొదలు చీల్చుకుంటూ, ఎండిన వాగుల్లో నున్నటి రాళ్ళ మీద జారుతూ నడిచారు. తెల్లమద్ది చెట్ల బోదెలు ఎండలో ఎముకల్లా మెరిశాయి. తలమీద కొండముచ్చులు ఖర్రుమంటూ కొమ్మలు విరుస్తూ వెంటపడ్డాయి. తునికి పళ్ళు రాలినచోటల్లా ఎలుగు గోళ్ళ గీతలు. మందాకిని వీపుమీద అందరికంటే బరువైన మూట.

"ఏందక్కా అది, అంత బరువు? ఇటియ్యి, నేను మోస్తా," అన్నాడు ఓబులేసు.

"సర్వే పరికరాలు. తడి తగలకూడదు. ఎవరూ ముట్టుకోవద్దు!" అంది ఆమె కసురుతున్నట్టు.

ఆ రాత్రి తన గుడారం కొంచెం ఎడంగా వేసుకుంది. మిషను ఇన్వర్టరుకు తగిలించి, మాస్కు పెట్టుకుని, దుప్పటి నెత్తిమీదికి లాక్కుంది. కాసేపటికి గుడారం తలుపు పెళ్ళుమని లేచింది. చేతిలో దుడ్డుకర్రతో ఈరమ్మ!

"కదలొద్దమ్మో! నీ గుడిసెలో పాము బుసకొడతాంది! తాచే!"

మందాకిని మాస్కు ఊడబెరుక్కుని, మిషను దుప్పటి కింద తొక్కిపట్టి, "ఏమీ లేదు, ఏమీ లేదు... గాలి. గుడ్డ కొట్టుకుంటోంది. వెళ్ళి పడుకో," అంది. ఆమె ముఖం చెమటతో, మాస్కు అచ్చులతో ఉంది. ఈరమ్మ నమ్మలేదు. ఆ చుట్టుపక్కల నేలంతా కర్రతో బాది, గొణుక్కుంటూ వెళ్ళింది. మందాకిని మళ్ళీ మాస్కు పెట్టుకుని పడుకుంది గానీ, పాము బుస అన్నమాట చెవుల్లో మోగుతూనే ఉంది. తను పడుకుంటే జనం కర్రలు పట్టుకొచ్చే స్థితి!

తెల్లారి బ్యాటరీ చూసుకుంది. మూడు రాత్రులు వస్తుందనుకున్నది ఒక్క రాత్రికే అడుగంటింది. ఇన్వర్టరు సగం తినేసింది. గాలికి తేమ కలిపే నీళ్ళ డబ్బాను వేడిచేయడానికి మిగతా సగం పోయింది. తన నుదుటి దీపం దానితో ఛార్జి చేద్దామనుకుంటే అదీ సరిగ్గా ఎక్కలేదు. మడిచి తెచ్చుకున్న సోలారు పలకను పరుద్దామంటే పైన ఆకుల కప్పు. పైగా దేనికని అడుగుతారు!

పక్కనే కూర్చున్న తమ్ముడు కరెంటు ఇంజనీరు. ఒక్క మాట చెబితే చాలు. మందాకిని అతని వైపు తిరిగింది కూడా.

"ఏమక్కా?"

"ఏం లేదు. కాఫీ చల్లారిపోతోంది."

రెండోరాత్రి గుడారాన్ని ఇంకా దూరంగా, వాగు మలుపు అవతల వేసుకుంది. నిద్ర పట్టిందో లేదో గొంతు పట్టేసినట్టయి లేచి కూర్చుంది. మళ్ళీ పడుకుంది, మళ్ళీ లేచింది. తన గురక తనకే వినిపించి తెల్లవార్లూ చచ్చినట్టు సిగ్గుపడింది.

మర్నాడు నడుస్తూంటే కాళ్ళు ఎక్కడ పడుతున్నాయో తెలియలేదు. చెట్లన్నీ నీళ్ళలో ఉన్నట్టు ఊగుతున్నాయి. ఎవరో జడ పట్టుకుని వెనక్కి ఈడ్చారు. కళ్ళు తెరిస్తే - అంటే అప్పటిదాకా మూసుకునే నడిచిందన్నమాట - నాలుగు బారల ముందు పుట్ట తవ్వుతున్న ఆడ ఎలుగు! దాని వీపుమీద పిల్ల.

"పరిగెత్తొద్దు! అరవండి! అందరూ అరవండి!" అని ఈరమ్మ కేక పెట్టి, నడుముకున్న కొడవలిని గిన్నె మీద ఠంగుఠంగున మోగించింది. ఓబులేసు పళ్ళెం రాయికేసి బాదాడు. ఎలుగు వెనకకాళ్ళ మీద లేచి, తెల్లటి రొమ్ము గుర్తు చూపించి, ఒక్కసారి గుర్రుమని, చివరికి పొదల్లోకి దొర్లుకుంటూ పోయింది.

"కండ్లు మూసుకొని నడస్తాండావే, ఏమైందమ్మా నీకు?" అంది ఈరమ్మ రొప్పుతూ.

"ఎండ దెబ్బ," అంది మందాకిని. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో చూసి తనకే అసహ్యమేసింది.

*

రోకళ్ళ కొండల నడుమ ఎలుగునోరు నిజంగానే ఎలుగు నోరులా ఉంది. పైన రెండు రాళ్ళు కోరల్లా వేలాడుతున్నాయి. లోపలినుంచి గబ్బిలాల కంపు, చల్లటి గాలి. ఈరమ్మ బయటే చతికిలబడింది. అక్కాతమ్ముళ్ళు మోచేతుల మీద పాకుతూ లోపలికి పోయారు. సొరంగం కొంతదూరం పోయాక విశాలమైంది. మధ్యలో బావి నోరులా నల్లటి గొయ్యి. ఓబులేసు నడుముకు కట్టుకున్న బ్యాటరీ నుంచి పెద్ద దీపం వెలిగించి లోపలికి చూపించాడు. సగం లోతులో గోడకు అరుగులాంటి చట్టు. దాని కింద ఎక్కడో నీళ్ళ సవ్వడి.

"అక్కా, చూడు! చట్టు మీద రాళ్ళు పేర్చినారు! మనుషులు పేర్చినవే!"

సన్నగా, తేలిగ్గా ఉండే ఓబులేసు దిగాలి. ఉడుంపట్టు మందాకిని తాడు పట్టాలి. అందులో మాటే లేదు. ఆమె తాడును ఒక రాతి స్తంభం చుట్టూ ఒక చుట్టు తిప్పి, కాళ్ళు దన్ను పెట్టి కూర్చుంది. ఓబులేసు అంచు మీద ఆగి ఆమె ముఖంలోకి దీపం వేశాడు.

"కండ్లు చింతనిప్పుల్లా ఉన్నాయక్కా. బాగలేకుంటే రేపు దిగుదాం. కొండలేం పారిపోవు."

అదే చివరి అవకాశం. మందాకినికి తెలుసు. నోరు తెరిస్తే స్టాఫ్ రూములో నవ్వులు వినిపించాయి.

"నాకేం! దిగు."

ఓబులేసు దిగాడు. తాడు చేతుల్లోంచి మెల్లగా, లెక్కగా జారుతోంది. చీకటి చల్లగా ఉంది. కింద నీళ్ళు జోలపాడుతున్నట్టున్నాయి. తాడు జారుతోంది... జారుతోంది...

అరిచేతులు నిప్పుల్లో పెట్టినట్టయి మందాకిని మేలుకుంది. తాడు బుస్సుమని పరిగెడుతోంది. కింద కేక! ఆమె పిడికిళ్ళు బిగించింది. చర్మం ఊడిపోతున్నా వదల్లేదు. తాడు ఒక్క గుంజు గుంజి ఆగింది. ఆగేముందే కిందినుంచి ఎముక విరిగిన చప్పుడు వినిపించింది.

"తమ్ముడూ! ఓబులేసూ!"

ఎంతోసేపటికి మూలుగు వచ్చింది. "ఉన్నా... చట్టు మీదే పడ్డా. కాలు పోయిందక్కా. తాడు తెగిందా?"

తెగిందని చెప్పొచ్చు. రాయి జారిందని చెప్పొచ్చు. అతను చూడలేదు, ఎవరూ చూడలేదు. మందాకిని గోతి అంచున బోర్లా పడుకుని, నెత్తురు కారుతున్న చేతుల మధ్య తల పెట్టి అరిచింది.

"తెగలేదు. నేను నిద్రపోయాను!"

గుహ ఆ మాటను పట్టుకుంది. నిద్రపోయాను, పోయాను, పోయాను అంటూ గోడగోడకూ చెప్పింది. గబ్బిలాలు లేచాయి. ఆ ప్రతిధ్వని చల్లారేదాకా ఆమె కళ్ళు తెరవలేకపోయింది. తర్వాత మిగతాది కూడా చెప్పింది. గురక, మిషను, కెమెరాలన్న అబద్ధం, పాము, ఎండదెబ్బ. గోతిలోకి, తమ్ముడి ముఖం కనిపించకుండానే మొత్తం కుమ్మరించింది.



"నాకెందుకు చెప్పలేదక్కా?"

"సిగ్గేసింది."

"సిగ్గా! ఎలుగు మింగేంత దగ్గరికి వచ్చినా సిగ్గేనా? నేను నీ తమ్ముణ్ణి కాదా?" అతని గొంతులో నొప్పికన్నా కోపమే ఎక్కువగా ఉంది.

మందాకిని బయటికి పాకి ఈరమ్మకు చెప్పింది. ఈరమ్మ ఒక్క ప్రశ్న వేయలేదు. పైటచెంగు నడుముకు దోపి, అటవీ శాఖ మకాం వైపు పరుగు లంకించుకుంది. మనుషులను తెచ్చేసరికి తెల్లారుతుంది. ఆకాశం చూస్తే కొండల మీద నల్లగా మబ్బు దిగుతోంది. ఆ ఏటి తొలి వాన.

మందాకిని తాడుకు కప్పీలు తగిలించి, అరిచేతులకు చున్నీ చింపి చుట్టుకుని, లాగడం మొదలుపెట్టింది. చట్టునుంచి ఓబులేసు పైకి లేచాడు. సగం దూరం వచ్చాడో లేదో ఆమె కళ్ళముందు నల్లటి తెరలు కదిలాయి. తల వాలిపోయింది. నాలుక కొరుక్కుని, తెలివి తెచ్చుకుని, ఏడుస్తూ అతన్ని మళ్ళీ మెల్లగా చట్టు మీదికి దింపింది.

"నా వల్ల కాదు! మళ్ళీ వదిలేస్తానేమో!"

కింద అతను ఊపిరి కూడగట్టుకుంటున్నాడు. తర్వాత అతని గొంతు వచ్చింది. కోపం పోయింది, ఆఫీసులో పని పురమాయించే గొంతు అది.

"మిషను వెనక ఎన్ని వోల్టులని రాసి ఉంది?"

ఆమె తెచ్చి చూసింది. "పన్నెండు."

"నా దీపం బ్యాటరీ కూడా పన్నెండే. తాడుకు కడతా, పైకి లాక్కో. ఆ ఇన్వర్టరు అవతల పారెయ్. అడాప్టరు నుంచి మిషనుకు పోయే తీగ కొయ్యి. తెల్ల గీత ఉన్నది బ్యాటరీ ఎర్రదానికి, ఇంకోటి నల్లదానికి. తిరగేస్తే మాడిపోతది, జాగ్రత్త. నీళ్ళ డబ్బా వేడి పూర్తిగా ఆపు. గొంతు ఎండితే ఎండనీ."

మందాకినికి అప్పుడు అర్థమైంది.

"నీకు దీపం?"

"నాకెందుకు? కాలు విరిగినోడు చదువుకుంటాడా?"

"నా నుదుటి దీపం దింపుతాను. కొంచెం ఉంది అందులో."

"వద్దు! అది ఆర్పి పెట్టుకో. నన్ను లాగేటప్పుడు కావాలి. అక్కా, విను. నిద్రలేని చేతికి ఒకసారి నా ప్రాణమిచ్చినా. ఇంకోసారి ఇయ్యను. నిద్రపోయి లేచిన చేతికి ఇస్తా. పడుకో!"

బ్యాటరీ పైకి వచ్చింది. దాన్ని ఊడదీసిన క్షణమే గోతిలో వెలుగు ఆరిపోయింది. మందాకిని కత్తితో తీగ కోసి, పళ్ళతో తొడుగు పీకి, కొసలు కలిపింది. మిషను గాలి తోసింది. ఓబులేసు తాడును మళ్ళీ కిందికి దింపించుకుని నడుముకు కట్టుకుని, పై కొసను ఆమె మణికట్టుకు కట్టుకోమన్నాడు. అవసరమైతే గుంజుతానన్నాడు. ఆమె గోతి అంచునే బండమీద పడుకుని మాస్కు బిగించుకుంది. తను పడగొట్టిన మనిషి కింద చీకట్లో విరిగిన కాలుతో కూర్చుని ఉన్నాడు. అతని వెలుగును తను ముక్కుకు తగిలించుకుని పడుకుంది. ఇంతకంటే సిగ్గుపడవలసిన నిద్ర లోకంలో ఎవరైనా పోయారా అనుకుంది.

అనుకుంటూనే నిద్రపోయింది. లోతుగా, నల్లగా, ఒక్క ఉలికిపాటు లేకుండా.

*

మణికట్టు గుంజుకుంది. మందాకిని లేచి కూర్చుంది. ఎంతసేపైందో తెలియదు. కానీ తల కడిగిన పలకలా ఉంది. మాస్కు తీయగానే హోరు వినిపించింది. గోతి అడుగున ఇందాక సన్నగా పాడిన నీళ్ళు ఇప్పుడు గర్జిస్తున్నాయి.

"అక్కా! లాగు!"

నుదుటి దీపం వెలిగించి చూస్తే ఆమె పైప్రాణాలు పైకే పోయాయి. చట్టు కనిపించడం లేదు. ఓబులేసు నడుం లోతు నీళ్ళలో ఒంటికాలి మీద గోడను కరుచుకుని ఉన్నాడు. నీళ్ళు పాదాలు తాకినప్పుడే గుంజవలసినవాడు, ఆమె నిద్రను ఇంకాస్త పోనిద్దామని ఇంతదాకా ఊరుకున్నాడు.

"పిచ్చివాడా! ముందే ఎందుకు లేపలేదు!"

"తిట్టేది తర్వాత! లాగు!"

మందాకిని కాళ్ళు స్తంభానికి దన్ను పెట్టింది. కప్పీలు కిర్రుమన్నాయి. పచ్చి అరిచేతుల్లో తాడు కోసుకుపోతోంది. "లాగు!" "ఆగు, కాలు తగులుకుంది!" "ఇప్పుడు, లాగు!" వానకు ఉప్పొంగిన నీళ్ళు అతని కాళ్ళ కిందే వెంటపడి లేస్తున్నాయి. ఆమె ఊపిరి నిండుగా తీసుకుంటోంది, కళ్ళు కొయ్యబారి తాడుమీదే ఉన్నాయి, ఒక్క రెప్పపాటు కూడా వాలలేదు. చున్నీ ఎర్రబడి చుక్కలు కారింది. అంచు మీద ముందు ఒక చెయ్యి కనిపించింది, తర్వాత తల. చొక్కా పట్టుకుని ఒక్క ఊపున ఈడ్చి బండమీద పడేసింది.

విశ్రాంతికి సందు లేదు. గోతి నోటిదాకా నీళ్ళు బుగబుగమంటున్నాయి. అతన్ని పట్టా గుడ్డ మీద పడుకోబెట్టి, తాడు తన భుజానికి తగిలించుకుని, ఎద్దులా పాకుతూ సొరంగంలోకి లాగింది. సగం దారిలో నుదుటి దీపం కొడిగట్టి ఆరిపోయింది. ఎటు పోవాలో తెలియని కటిక చీకటి. వెనకనుంచి మోకాళ్ళను నీళ్ళు తాకాయి.

అప్పుడు ముందునుంచి ఒక గొంతు ఏడుపుగొట్టుగా వినిపించింది.

"బయమేస్తాందమ్మో... ఓ తల్లో, బయమేస్తాంది... యాడుండారు... నాకు బయమేస్తాంది..."

ఈరమ్మ! చేతిలో టార్చి వణుకుతుండగా, కళ్ళనిండా నీళ్ళతో, పెద్దగా అరుస్తూ, అయినా ఆగకుండా పాకుతూ వస్తోంది. ఆమె వెనక అటవీ శాఖ కాపలాదార్లు ఇద్దరు. అందరి చేతులూ కలిశాయి. ఎలుగునోటి కోరల కిందనుంచి వాళ్ళు వానలోకి దొర్లి పడ్డారు. మసక వెలుగు వచ్చేసింది. వాళ్ళ వెనకే గుహ నోరు బురదనీళ్ళు కక్కింది.

మోకులతో కట్టిన వెదురు డోలీ మీద మోస్తుంటే ఓబులేసు మందాకినిని దగ్గరికి రమ్మన్నాడు. మెల్లగా చెప్పాడు.

"దొరికిందక్కా. చట్టు మీద పేర్చిన రాళ్ళ వెనక. రాగి బిందెలు, లక్కతో మూసినవి. నేను పడ్డప్పుడు ఒకటి పగిలింది. అన్నీ వరహాలే. కుప్ప."

"ఎప్పుడు చూశావు?"

"నువ్వు నిద్రపోయినానని అరిచినావే, అప్పుడు దాని మీదే దీపం ఉండె."

మందాకిని నడక ఆగింది. ఆ వెలుగునే అతను ఊడదీసి పైకి పంపాడు.

"లాగేటప్పుడు ఒక బిందె నడుముకు కట్టుకుందామా అనిపించిందక్కా, అబద్ధమెందుకు," అన్నాడు కళ్ళు మూసుకుంటూ. "నీ చేతులు గుర్తొచ్చి ఊరుకున్నా."

బిందెలు నీళ్ళ కింద ఉండిపోయాయి. మకాంలో ఉన్న అటవీ శాఖ అధికారికి మందాకిని ఉన్నదున్నట్టు చెప్పింది. వానలు తగ్గాక ప్రభుత్వం వాళ్ళు చూసుకుంటామన్నారు. ఆ మాటలు చెబుతున్నప్పుడు ఆమెకు బంగారం మీద చిన్నమెత్తు ఆశ కూడా కలగలేదు. ఆమె మనసంతా ఆత్మకూరు ఆసుపత్రి గుమ్మంలో ఉంది. అక్కడ వేదవతి ఎదురుచూస్తూ ఉంటుంది.

ఆసుపత్రిలో ఓబులేసు భార్యకు ముందుగానే చెప్పేశాడు. "రాయి మీద కాలు జారినా. అక్క లేకుంటే నేను లేను." చెప్పి, మంచం మీదనుంచి మందాకిని వైపు చూశాడు. ఊరుకో అన్నట్టు కళ్ళతోనే సైగ చేశాడు. వేదవతి రెండు చేతులూ జోడించి, "వదినా, మీ ఋణం..." అంటూ ఏడ్చింది.

మందాకిని కట్లు కట్టిన చేతులతో ఆ చేతులను విడదీసింది. దండం మోయడం ఆమె వల్ల కాలేదు.

"వాడి కాలు జారలేదు వేదా. తాడు పట్టుకుని నేను నిద్రపోయాను. నాకు నిద్రలో ఊపిరాగే జబ్బుంది. మిషను ఉంటే తప్ప సరిగ్గా నిద్రపోలేను. అది సిగ్గని దాచాను. వాణ్ణి పడేసింది నేనే."

వార్డులో పక్క మంచాల వాళ్ళు తలలు తిప్పారు. వేదవతి కన్నీళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఆమె మందాకినిని ఎప్పుడూ చూడనట్టు చూసింది.

"మిమ్మల్ని నమ్మి పంపినా వదినా."

అంతే. మంచం అవతలి వైపుకు వెళ్ళి, వీపు తిప్పుకుని కూర్చుంది. మందాకిని వరండాలోకి వచ్చి సిమెంటు బల్లమీద కూలబడింది. ఎవరొచ్చినా, పోయినా తలెత్తలేదు. ఈరమ్మ వచ్చి కొంచెంసేపు పక్కన కూర్చుని, పిల్లలున్నారని గూడేనికి వెళ్ళిపోయింది.

పొద్దు వాలింది. వేదవతి రెండు గ్లాసుల టీతో వరండాలోకి వచ్చింది. ఒకటి మందాకిని పక్కన ఠక్కుమని పెట్టింది. టీ కొంచెం ఒలికింది.

"ఈ పూటకు ఆయన దగ్గర నేనుంటా," అంది, గోడవైపు చూస్తూ. గొంతులో కోపం అలాగే ఉంది. "మీరు మా ఇంటికి పోయి పడుకోండి. ఆ మిషనేదో పెట్టుకునే పడుకోండి. మా అత్తమ్మ చూస్తే చూస్తది."

మందాకిని తలెత్తింది.

"పొద్దున్నే రండి. అప్పుడు నేను పడుకోవాల, రెండు రోజులైంది కునుకు తీసి. ఆయన సెలైను అయిపోతే నర్సును పిలిచేది, మంచం మీదనుంచి కదలకుండా చూసేది మీరే." వేదవతి అప్పుడు మొదటిసారి ఆమె కళ్ళలోకి చూసింది. "మేలుకోనుండాల, వదినా."

"ఉంటాను," అంది మందాకిని.